వెండెల్ గారి సొంత గొంతు

స్లైగో,
14 సెప్టెంబరు 2025

అక్కా, వందనాలు.

ఫోన్లో ‘బాగున్నాం, బాగున్నాం’ అని పెట్టేస్తున్నాం గనక అసలు సంగతులు ఉత్తరాల్లోనే రాసుకోవాలని, వాటి ఊసు ఫోన్లో ఎత్తకూడదని నువ్వు పెట్టిన నియమం నాకు నచ్చింది. ఒకటే చిక్కు. ఇక్కడ పోస్టులో వేసిన ఉత్తరం నరసాపురం చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా సగం సంగతులు మారిపోతాయి.

నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీలు మానేశాను. ఇప్పుడు ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని. పొద్దున్న బస్సెక్కి స్ట్రాండ్‌హిల్‌లో దిగితే సముద్రం ఎదురుగా ఒక తెల్ల ఇల్లు. అందులో వెండెల్ హార్‌గ్రోవ్ అని డెబ్బై తొమ్మిదేళ్ల అమెరికా ఆయన ఒక్కరే ఉంటారు. భార్య నోరీన్ ఈ ఊరి మనిషే. మొన్న ఫిబ్రవరిలో పోయింది. ఆయనకు తుంటి ఆపరేషన్ అయ్యాక సాయం కావలసి నన్ను పంపారు. స్నానానికి నీళ్లు సిద్ధం చేయడం, మందులు ఇవ్వడం, టిఫిన్ పెట్టడం నా పని. తక్కిన సమయమంతా ఆయన మాట్లాడతారు, నేను వింటాను.

ఈయన ఒకప్పుడు టీవీ నటుడు. నెబ్రాస్కాలో దాణా కొట్టు నడిపేవాడి కొడుకు. చర్చిలో పాడుతూ పెరిగి, పందొమ్మిదో ఏట గిటారు పట్టుకుని కాలిఫోర్నియా వెళ్లారు. హోటల్లో గిన్నెలు కడిగారు. పళ్ల పొడి ప్రకటనలో నవ్వారు. ఆ నవ్వు చూసి ఒక కంపెనీ సీరియల్లో తీసుకుంది. ‘డ్రై క్రీక్’ అని దాని పేరు. అందులో ఈయన పశువుల డాక్టరు. గుర్రం మీద ఊరూరా తిరిగి పశువులకు వైద్యం చేసి, ప్రతి భాగం చివర కంచె మీద కూర్చుని ఒక పాట పాడతాడు. నాలుగేళ్లు నడిచిందట. ఆ గుర్రం మీద నుంచి పడి జబ్బ ఎముక విరిగితే, ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సే నోరీన్.

‘మా అక్కకు మీ గురించి రాయనా’ అని అడిగితే, ‘రాయి, నేను చనిపోయిన సీన్లు మాత్రం రాయకు, చాలా ఉన్నాయి’ అన్నారు. సీరియల్ ఆగిపోయాక పరాయి సీరియళ్లలో దొంగగా, జడ్జిగా, ఎక్కువగా శవంగా వేశారట.

మీ మరిది కృపారావు గారు కులాసా. ఆదివారాలు మన తెలుగువాళ్ల ప్రార్థన సహవాసంలో కీబోర్డు ఆయనదే. మా పిల్ల జాయ్ ఇక్కడి వాళ్లలాగే అన్నిటికీ ‘గ్రాండ్, మామ్’ అంటుంది, బాగుంది అని. బాధలో ఉన్నా గ్రాండే, ఆకలేసినా గ్రాండే.

నీ చెల్లెలు,
పుష్పవతి

నరసాపురం,
5 అక్టోబరు 2025

పుష్పా,

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నీ ఉత్తరం చదివి వెంటనే జవాబు రాశాను. పశువుల డాక్టరు దొరికాడు కదా అని మన పక్కింటి సత్యవతి గేదె మేత ముట్టడం లేదన్న సంగతి కూడా వివరంగా రాశాను. మీ బావగారు చదివి, ‘అది వేషమే, దీనమణీ’ అన్నారు. ఆ కాగితం చింపి మళ్లీ రాస్తున్నాను. గేదె తనంతట తానే కోలుకుంది.

ఆయన పాట చూశాను. లేసు అల్లడానికి వచ్చే పిల్లల్లో లోహిత అని ఒకమ్మాయి ఫోన్లో వెతికి పెట్టింది. కంచె మీద కూర్చున్నాడు, టోపీ వెనక్కి తోసుకున్నాడు, ఎంత చక్కటి మనిషి. ఆ గొంతేమిటి పుష్పా. పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది గాని తెగదు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా సూది ఆపేసి విన్నాం. మొన్న చర్చిలో స్త్రీల కూటంలో కూడా వినిపించాను. అందరూ మళ్లీ పెట్టమన్నారు.

నాకొక ముచ్చట. ఆయన్ని ఆ పాట మా కూటానికి ఒక్కసారి పాడమని అడుగు. నీ ఫోన్లో పట్టి పంపు. క్రిస్మసుకు పెడతాను. అప్పుడే అందరికీ చెప్పేశాను, మా చెల్లి మాట ఆయన కాదనడని. పెద్దవాళ్లకు తమ పాట ఇంకా ఎవరో వింటున్నారంటే ప్రాణం లేచొస్తుంది.

చలికి పాదాలకు నూనె రాసుకో.

అక్క,
దీనమణి

స్లైగో,
26 అక్టోబరు 2025

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు చెప్పినట్టే చేశాను, అంతా చెడింది.

మంగళవారం ఆయన టోస్టు తింటుంటే నీ కోరిక చెప్పాను. ఎక్కడో గోదావరి ఒడ్డున ఆడవాళ్లంతా పని ఆపి మీ పాట విన్నారని చెప్పి, మురిపెంగా ఫోన్లో ఆ పాట పెట్టాను. రెండు లైన్లు కూడా పూర్తి కాలేదు. ‘దాన్ని ఆపు పుష్పా’ అన్నారు. కేక వెయ్యలేదు. చేతికర్ర తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. టోస్టు అలాగే ఉంది. మధ్యాహ్నం సూప్ కూడా ముట్టలేదు.

మర్నాడు వెళ్తే తలుపు తియ్యలేదు. కిటికీలోంచి కనిపిస్తున్నారు, కుర్చీలో సముద్రం వైపు తిరిగి కూర్చుని. గాలిలో చాలాసేపు నిలబడి వచ్చేశాను. నన్ను పనికి పంపే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, కొన్నాళ్లు వేరే ఇంటికి వెళ్లమని. ఆయన ఫిర్యాదు చెయ్యలేదట, ‘కొంచెం ఒంటరిగా ఉండాలి’ అన్నారట. ఇక్కడి వాళ్లు కోపాన్ని కూడా ఇంత మర్యాదగా చెబుతారు. తప్పు ఎక్కడ జరిగిందో మనకు తెలిసిరాదు.

భార్య పోయిన మనిషికి పాత రోజులు గుర్తు చేశాననుకుంటున్నాను. ఏం తింటున్నాడో, మాత్రలు వేసుకుంటున్నాడో లేదో. మీ మరిది, ‘పాట అడగడం నేరమా, ఊరుకో’ అంటున్నారు. ఊరుకోలేకపోతున్నాను.

పుష్ప

నరసాపురం,
16 నవంబరు 2025

పుష్పా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. నిన్ను గాలిలో నిలబెట్టాడా? పేరు పోయినా పొగరు పోలేదన్నమాట. నీ చేత నీళ్లు పెట్టించుకుని, మాత్రలు వేయించుకుని, ఒక్క పాట అడిగితే తలుపేస్తాడా? మా లేసు కొనడానికి వచ్చే దొరసానులు కూడా ఇంత చెయ్యలేదు.

ఉద్యోగం మీదికేమీ రాలేదు కదా? ‘వేరే ఇంటికి’ అన్నావు, మాన్పించడాన్నే అలా చెప్పారేమోనని మీ బావగారికి అనుమానం. నిజం రాయి. నా ముచ్చట వల్లే ఇదంతా వచ్చింది. ఆ పాట కూటంలో ఇక వినిపించను. క్రిస్మసుకు పిల్లల చేత పాడిస్తాను.

ఆ గుమ్మం మళ్లీ తొక్కకు.

అక్క

స్లైగో,
18 నవంబరు 2025

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. నా ఉద్యోగానికేం కాలేదు. కంగారు పడకు. నిన్న మళ్లీ స్ట్రాండ్‌హిల్ వెళ్లాను, ఆయనే పిలిపించారు.

ముందు నోరీన్ గారి చెల్లెలు బ్రీద్ నన్ను సూపర్‌మార్కెట్లో పట్టుకుంది. ‘ఆ పాట ఆయన ముందు ఎవరం పెట్టం అమ్మా, నీకెవరూ చెప్పలేదా’ అంది. కూరగాయల దగ్గరే నిలబడి మొత్తం చెప్పింది. తర్వాత ఆయన నోటే విన్నాను. రెండూ కలిపి రాస్తున్నాను.

అక్కా, ఆ పాట పాడింది ఆయన కాదు.

ఆయన బాగానే పాడేవారట, కాని ఆయనది లోతైన బరువు గొంతు. కంపెనీ వాళ్లకు తేనెలాంటి సన్నని గొంతు కావలసి వచ్చింది. వేరే మనిషి చేత పాడించి, ఈయన్ని పెదవులు కదపమన్నారు. ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. రికార్డు అట్ట మీద ఈయన బొమ్మ, ఈయన పేరే. అది లక్షల్లో అమ్ముడుపోయింది. ఈయన ఎక్కడికెళ్లినా ‘ఒక్కసారి పాడండి’ అని జనం. గొంతు బాగాలేదని తప్పించుకుంటూ మూడేళ్లు గడిపారు.

చివరికి ఒక టీవీ వేడుకలో, జనం ఎదుటే, టేపు పెట్టి పెదవులు కదపమన్నారు. సగంలో టేపు ఆగిపోయింది. ‘ఆ క్షణంలో నోరు మూసుకుని ఉంటే మర్యాద దక్కేదేమో. నేను పాట అందుకున్నాను, నా గొంతుతో’ అన్నారు నాతో. రెండు లైన్లు పాడారట. హాలంతా నవ్వింది. మర్నాడు పేపర్లు, ఆ వారం హాస్యగాళ్లు. ఏడాది పాటు ఆ రెండు లైన్లూ ఎద్దు రంకె లాగా అనుకరించి డబ్బు చేసుకున్నారు. సీరియల్ ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఎక్కడా పాడలేదు, స్నానాల గదిలో కూడా. నోరీన్ గారు ఈ ఊరి చర్చిలో ఒక్క పాట పాడమని ఏళ్ల తరబడి అడిగిందట. ‘నవ్వుతారు’ అనేవారట. ఆవిడ అడుగుతూనే పోయింది.

‘మీ అక్క వాళ్లు విన్నది నన్ను కాదు. అది చెప్పే ధైర్యం లేక తలుపేసుకున్నాను. నిన్ను గాలిలో నిలబెట్టినందుకు క్షమించు’ అన్నారు. ఎనభై ఏళ్ల మనిషి అలా అంటుంటే నేనేం చెయ్యను? బ్రౌన్ బ్రెడ్ కోసి వెన్న రాసి పెట్టాను. తిన్నారు.

మీ కూటంలో వాళ్లకు ఏం చెబుతావో నీ ఇష్టం.

పుష్ప

నరసాపురం,
9 డిసెంబరు 2025

నా చెల్లీ,

పొగరు అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ ఉత్తరం వస్తే పొయ్యిలో పడెయ్యి.

అయితే ఒక్క విషయం నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఇందులో నవ్వాల్సింది ఏముంది? అమ్మ మనల్ని సినిమాకు పంపేది కాదు, గుర్తుందా? పాపం అనేది. అయినా సందు చివర కాఫీ హోటల్ రేడియోలో పాటలన్నీ మనకు కంఠతా వచ్చు. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఒకరిది అని తెలియని పిల్ల మన పేటలో ఉందా? హీరో పాడలేదని ఎవరైనా టికెట్ డబ్బులు తిరిగి అడిగారా? పెదవులు కుదిరాయా లేదా అన్నదే మనం చూసేది. మీ బావగారు ఆ పాట మళ్లీ పెట్టి చూసి, ‘చాలా బాగా కుదిర్చాడు, ఊపిరి కూడా సరిగ్గా ఆ చోటే తీసుకున్నాడు’ అన్నారు. అది కూడా ఒక విద్యే. ఆయన చేసిన పని మా దేశంలో పెద్ద పెద్ద వాళ్లంతా చేశారని చెప్పు, దండలు వేయించుకున్నారని చెప్పు.

కాకపోతే మన దగ్గర పాడినవాళ్ల పేరు కూడా వేస్తారు. తప్పు జరిగింది అక్కడే. రికార్డు నిండా ఈయన పేరు ఉంటే, ఆ పాడినాయన పేరు ఏమైపోయింది? నువ్వు కూడా రాయలేదు. ‘వేరే మనిషి’ అన్నావు. ఎవరా మనిషి? కూటంలో చెప్పడానికి నాకు ఆ పేరు కావాలి. మా దగ్గర పాడినవాళ్ల పేరు చెప్పకుండా ఏ పాటా వినిపించం.

ప్లం కేకుకు తోడు అరిసెలు కూడా వండాను. నీ వాటా లోహిత తినేసింది.

అక్క,
దీనమణి

స్లైగో,
11 జనవరి 2026

అక్కా,

నూతన సంవత్సరపు దీవెనలు. నీ ఉత్తరం ఆయన వంటగదిలో కూర్చుని ఇంగ్లీషులో చదివి వినిపించాను. పొగరు ఉత్తరం ముందే వచ్చింది. అదీ వినిపించాను. ఆయనకు అదే ఎక్కువ నచ్చింది.

సినిమా సంగతి మాత్రం ఒక పట్టాన నమ్మలేదు.

‘హీరోలందరూనా?’ అన్నారు.

‘అందరూ.’

‘జనానికి తెలిసే?’

‘తెలిసే. చిన్నపిల్లలకు కూడా తెలుసు.’

‘మరి ఎవరూ నవ్వరా?’

‘పెదవులు కుదరకపోతే నవ్వుతారు’ అన్నాను.

అప్పుడు నవ్వారు అక్కా. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ‘నేను పుట్టాల్సింది మీ దేశంలో’ అన్నారు.

తర్వాత పేరు అడిగాను. నవ్వు ఆగిపోయింది. కిటికీ అవతల అలలు చూస్తూ కూర్చున్నారు. ‘పేపరు వాళ్లు అడగలేదు, జనం అడగలేదు. నువ్వు గాలిపటం ఎగరేసినట్టు ఎంత తేలిగ్గా అడిగావు’ అన్నారు. నేను కాదు, మా అక్క అడిగింది అన్నాను.

ఆయన పేరు ఐజయా టేట్. మన బైబిల్లో యెషయా. డెట్రాయిట్‌లో ఒక నల్లవారి చర్చిలో పాడేవాడు. ఒకే ఒక్క మధ్యాహ్నం వీళ్లిద్దరూ కలిసి ఉన్నారు. ఐజయా రికార్డింగు గది అద్దానికి లోపల పాడుతుంటే, ఈయన బయట నిలబడి ఆ నోరు చూసి తన నోరు కదపడం నేర్చుకున్నారు. ‘నేను ఊపిరి తీసుకున్నచోట నువ్వూ తీసుకో, అప్పుడు నమ్ముతారు’ అని ఐజయాయే నేర్పాడట. బావగారు పట్టుకున్నది అదే.  అట్ట మీద ఐజయా పేరు వెయ్యమని వెండెల్ గారు కంపెనీని ఒకసారి అడిగారట. కుదరదన్నారు. గొడవ పెట్టుకోలేదట. తర్వాత ఐజయా స్కూలు బస్సు నడిపాడు, చర్చిలో పాడుతూనే ఉన్నాడు, ఏటా ఈయనకు క్రిస్మస్ కార్డు పంపేవాడు. పోయి చాలా ఏళ్లయింది.

నేను బయల్దేరుతుంటే, ‘ఫిబ్రవరి ఏడున నోరీన్ సంవత్సరీకం, చర్చిలో పూజ ఉంది. మీ ఆయన్ని కీబోర్డు తీసుకురమ్మంటావా’ అన్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పుష్ప

స్లైగో,
8 ఫిబ్రవరి 2026

అక్కా,

నిన్నటి సంగతి మరిచిపోకముందే రాస్తున్నాను.

మూడు శనివారాలు మీ మరిది ఆ ఇంటికి వెళ్లి సాధన చేయించారు. మొదటి రోజు గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదట. మీ మరిది ఏమీ అనకుండా శ్రుతి దించుతూ, దించుతూ, ఒకచోట ఆగారు. అక్కడ దొరికింది గొంతు. ‘ఇంతేనా? ఇంత కిందికి దించి నన్నే పాడనిస్తే సరిపోయేదా?’ అన్నారట వెండెల్ గారు. మీ మరిది, ‘మాకు ఆదివారం ఆదివారం ఇదే పని అండీ’ అన్నారట.

చర్చి సగం నిండింది. వర్షం. నోరీన్ గారి ఫొటో ముందు కొవ్వొత్తి. పూజ చివర ఆయన కర్ర ఊతంతో ముందుకు వచ్చి నిలబడితే, ఏదో చదువుతారనుకున్నారు అందరూ. నెబ్రాస్కాలో చిన్నప్పుడు పాడిన స్తుతిగీతం ఎత్తుకున్నారు.  ఎవరైనా నవ్వుతారేమోనని నేనే వెనక్కి తిరిగి చూశాను. రెండో చరణంలో ఆగిపోయారు. మీ మరిది కీబోర్డు మీద ఆ స్వరం అలాగే నొక్కి పట్టుకున్నారు. ఎవరూ కదల్లేదు. ఒకాయన దగ్గాడు. వెండెల్ గారు ఊపిరి తీసుకుని, ఆ చరణం మళ్లీ మొదటి నుంచి పాడి పూర్తి చేశారు.

తర్వాత హాల్లో టీ, శాండ్‌విచ్‌లు. ఇక్కడ ఇలాంటి చోట కూడా పాటలు పాడుకుంటారు అక్కా, ఒకరి తర్వాత ఒకరు. పక్కింటి టామ్ ముప్పై ఏళ్లుగా ఆయనకు స్నేహితుడు. ‘నువ్వు పాడతావని ఒక్కనాడు చెప్పలేదేం? ఇంకొకటి అందుకో’ అన్నాడు. అప్పుడు వెండెల్ గారు నిలబడి, ‘ఈ పాట పాడింది ఐజయా టేట్. నేను పెదవులు కదిపాను’ అన్నారు. కొందరు నవ్వారు. ఆయనా నవ్వారు. డ్రై క్రీక్ పాట తన గొంతుతో, నెమ్మదిగా పాడారు. ముసలివాళ్లకు గుర్తుంది, చివరి లైను అందరూ కలిపారు. బ్రీద్ నా చెయ్యి వదల్లేదు.

జాయ్ మొత్తం ఫోన్లో పట్టింది. ఉత్తరానికి ముందే నీకు చేరుతుంది. విన్నాక ఫోన్ చెయ్యకు, రాయి. ఆయన నీ అభిప్రాయం కోసం చూస్తున్నారు.

పుష్ప

నరసాపురం,
22 ఫిబ్రవరి 2026

పుష్పా,

విన్నాను. కూటంలో వినిపించాను. ముందు ‘ఐజయా టేట్, డెట్రాయిట్’ అని చెప్పి పాత పాట పెట్టాను. తర్వాత ‘వెండెల్ హార్‌గ్రోవ్, స్లైగో’ అని చెప్పి అదే పాట ఆయన గొంతుతో పెట్టాను.

ఆయన అడిగారు గనక దాచకుండా రాస్తున్నాను. మా వాళ్లలో సగం మందికి పాతదే నచ్చింది. ఈయన గొంతు బొంగురు. మొదటి చరణం బాగుంది, నాకు కళ్లు తడిశాయి. రెండో చరణం మూడో లైన్లో మాత్రం శ్రుతి జారింది. అక్కడ తొందరపడుతున్నారు. పైకి వెళ్లేముందు ఊపిరి చాలడం లేదు. పొద్దున్నే వేడినీళ్లు తాగి, ఆ ఒక్క లైనే పదిసార్లు పాడమను. మా పిల్లలకు కూడా నేను ఇదే చెబుతాను. ఈస్టరుకు మళ్లీ పంపమను.

మరీ కటువుగా ఉంటే నువ్వు మెత్తగా చేసి చెప్పు.

అక్క

స్లైగో,
14 మార్చి 2026

అక్కా,

మెత్తగా చెయ్యలేదు. ఉన్నదున్నట్టు చదివాను. నాకే భయం వేసి చివర్లో గొంతు తగ్గించాను.

‘ఏ లైను? మళ్లీ చదువు’ అన్నారు. చదివాను. లేచి కెటిల్లో నీళ్లు పెట్టుకున్నారు. నేను పెడతానంటే వద్దన్నారు. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, ఆ మూడో లైను మెల్లగా పాడుకున్నారు. తల అడ్డంగా ఊపారు. మళ్లీ పాడారు. నేను పక్కలు సర్ది, బట్టలు ఉతకడానికి వేసి వచ్చేసరికి కూడా అదే లైను. నువ్వన్నచోటే జారుతోంది.

చివరికి నా వైపు తిరిగి, ‘మీ అక్క చెప్పింది నిజమే’ అన్నారు. మొహం చూస్తే బహుమానం అందుకున్నవాడిలా ఉంది. ‘పుష్పా, నీకు తెలుసా, నా పాటలో ఫలానా చోట శ్రుతి తప్పిందని ఇంతవరకు నాతో ఒక్కరూ అనలేదు. పాడింది నేనైతే కదా’ అన్నారు.

ఈస్టరుకు పంపుతారట.

నీ చెల్లెలు,
పుష్పవతి